సెకనుకు మూడు మెగాబైట్లు

మా అమ్మాయి సాయిసుధ ల్యాప్‌టాప్ రెండేళ్ల అయిదు నెలలు దివాన్ పెట్టెలో ఉంది. సుధ శాలువాలోనే దాన్ని చుట్టి, రెండు కలరా ఉండలు వేసి, నా భార్య లీలావతి అక్కడ పెట్టింది. ఏడాదికి ఒకసారి, దసరాకు, బయటికి తీసేవాళ్లం. నా పుస్తకాల పక్కన పూజలో పెట్టి, మూత మీద కుంకుమ బొట్టు పెట్టి, మర్నాడు మళ్లీ చుట్టి లోపల పెట్టేవాళ్లం. మూత మాత్రం తెరవలేదు. ముట్టుకోకుండా ఉంచడమే మేము దానికి ఇవ్వగలిగిన గౌరవం అనుకున్నాం.

సుధ జనవరిలో పోయింది. ఉదయం ఏడు గంటలకు, మేము ఉండే జనక్‌పురి నుంచి గురుగ్రామ్ వెళ్తున్న ఆఫీసు క్యాబ్, పొగమంచులో, రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని గుద్దింది. ఇంతకంటే దీని గురించి రాయలేను.

ఆమె ఉద్యోగం డిస్కుల్ని పరీక్షించడం. కంప్యూటర్లో మనం దాచుకునేదంతా ఉండే డిస్కు ఇప్పుడు తిరిగే పళ్లెం కాదు, బిళ్లంత చిప్పు. ఆ చిప్పు ఎలా రాయాలో, ఎలా చదవాలో చెప్పే ప్రోగ్రాం ఒకటి దాని లోపలే ఉంటుంది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ తయారు చేసినప్పుడల్లా, అది ఎక్కించాక డిస్కు వేగం పెరిగిందా, తగ్గిందా అని కొలిచి రిపోర్టు రాయడం సుధ పని. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు, "రోజంతా ఏం చేస్తావమ్మా?" అని అడిగితే, "పఢ్‌వాతీ హూఁ నాన్నా, ఔర్ టైమ్ నోట్ కర్తీ హూఁ" అనేది.

"చదివించి టైము చూడటమా? అది నా పని కదా."

"హాఁ. బస్, మేరే స్టూడెంట్స్ బోల్తే నహీఁ."

తన విద్యార్థులు మాట్లాడరట, అంతే తేడా. ఆమె మాటల్లో తెలుగుగా మిగిలింది 'నాన్నా' ఒక్కటే. అందుకు కారణం నేను. సుధ మూడో తరగతిలో ఉండగా ఇక్కడి తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమంలో స్టేజి మీద నాలుగు వాక్యాలు చెప్పింది. 'పళ్ళు' అనాల్సిన చోట 'పల్లు' అంది. నేను పక్కనే మైకు పట్టుకుని ఉన్నాను. బడిలో పిల్లలకు తెలుగూ ఇంగ్లీషూ చెప్పేవాణ్ణి, ఊరుకోలేకపోయాను. అందరి ముందూ ఆపి, మూడుసార్లు చెప్పించాను. మూడోసారి కూడా 'పల్లు' అనే వచ్చింది. జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి మేము తెలుగులో అడిగితే ఆమె హిందీలో జవాబు చెప్పేది. పెద్దయ్యాక దాని గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

ఈ జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం అనూహ్య వచ్చింది. సుధ ఆఫీసులో పక్క సీటు అమ్మాయి. కరీంనగర్ నుంచి వచ్చింది. ఉద్యోగం మారి పుణె వెళ్తున్నానని, సుధ సొరుగులో మిగిలిన కాగితాలు ఇవ్వడానికి వచ్చానని చెప్పింది. చేతిలో ఒక పెద్ద కవరు ఉంది. మజ్జిగ తాగి, కాసేపు కూర్చుని, ఆమే అడిగింది:

"అంకుల్, ఆ రికార్డింగులు విన్నరా?"

"ఏ రికార్డింగులు?"

ఆమె లీలావతి వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. "మీ షష్టిపూర్తికి సుధ చేసింది గద. మీకు తెల్వదా?"

నా షష్టిపూర్తి ఆ మార్చిలో జరగవలసింది. జరగలేదు.

"లంచ్‌ల మీటింగ్ రూముల కూసొని రికార్డ్ చేస్తుండె. ఒకటో క్లాస్ సంది పన్నెండో క్లాస్ దాకా, క్లాసుకు ఒకటి. నాన్న గురించి ఏం యాదికున్నదో అది. అంత తెలుగులనే, అంకుల్! నేనే పక్కన కూసొని సరిచేసేదాన్ని. 'నీ కరీంనగర్ తెలుగు రానియ్యకు, నాన్న డాంటేంగే' అని, మీరు తిడతరని, నన్నే అనేది."

లీలావతి మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టింది. "తెలుగులోనా?" అంది.

"అవ్ ఆంటీ. నేను పదకొండు విన్న. మూడో క్లాస్‌ది మాత్రం తనొక్కతే చేసుకున్నది. నన్ను బయటికి పొమ్మన్నది. అది ఎవరు వినలే."

నేను వెంటనే లేచి దివాన్ మీద పరుపు తీశాను.

ల్యాప్‌టాప్ బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. ఛార్జరు పెడితేనే లైటు వెలిగింది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. పదకొండు నిమిషాలకు ఆమె ఫొటో వచ్చింది, సరోజినీ నగర్‌లో కొన్న పసుపుపచ్చ చొక్కాలో. పాస్‌వర్డ్ అనూహ్యకు తెలుసు.

"ఇంత స్లోనా? సుధ లాప్‌టాప్ లేవనీకి పది సెకండ్లు పట్టకపోయేది," అంటూ అనూహ్య తన బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసి, ఏదో చిన్న ప్రోగ్రాం నడిపింది. తెర మీద అంకెలు వచ్చాయి. ఆమె వాటిని చూసి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఏమైందమ్మా?"

"ఇప్పుడు కొత్తగ రాసిన ఫైలు మంచిగనే చదువుతున్నది. సెకండుకు ఐదు వందల మెగాబైట్లు. పాతవి చదవమంటే మూడు."

"వైరు మార్చితే?" అంది లీలావతి. మంత్రిత్వ శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన ఆమెకు, కంప్యూటరు ఆగితే మొదట వైరు చూడాలని తెలుసు.

"వైరు తొవ్వ మంచిగనే ఉన్నది ఆంటీ. ఐదు వందల దాకా పోయే తొవ్వ. పోతున్నం గుడ. అవతల తలుపు తెరుస్తలేరు." ఆమె తల తిప్పకుండానే అడిగింది: "ఇది ఎన్ని దినాల సంది బంద్ ఉన్నది?"

"సుధ పోయినప్పటి నుంచీ."

"ఒక్కసారి గుడ ఛార్జింగ్ పెట్టలేదా?"

"ముట్టుకోలేదమ్మా. అసలు ముట్టుకోనివ్వలేదు," అంది లీలావతి. ఆ గొంతులో కొంచెం గర్వం ఉంది. దాచిపెట్టిన నగ గురించి చెప్పినట్టు చెప్పింది.

అనూహ్య తలెత్తి పైకప్పు చూసింది. మాది చివరి అంతస్తు. ఫ్యాను వేడి గాలినే తిప్పుతోంది. ఆ రోజు బయట నలభై నాలుగు డిగ్రీలు. మే నెలలో దివాన్ చెక్క మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది.

"ఇండ్ల రాసింది సిరాతోటి రాసినట్టు కాదంకుల్," అంది ఆమె మెల్లగా. "చిన్న చిన్న అరల్ల కరెంటు పోసి ఉంచుతరు. కుండల నీళ్ల లెక్క. కరెంటు ఇస్తుంటే అది చూసుకుంటది, తగ్గిన కాడ మళ్ల నింపుకుంటది. ఉత్తగ పెడితే కారిపోతది. ఎండకు ఇంకా జల్ది. గిది మళ్ల పాత డిస్కు. ఆఫీసుల టెస్టులు చేసి చేసి అరిగింది. పారేస్తమంటే సుధనే అడిగి తెచ్చుకున్నది."

లీలావతి దివాన్ వైపు చూసింది.

నాకు ఒక దసరా గుర్తొచ్చింది. సుధ ఉన్న చివరి దసరా. పుస్తకాలతో పాటు నీ ల్యాప్‌టాప్ కూడా పూజలో పెట్టు, రేపటిదాకా తియ్యకు అన్నాను. "ఏక్ దిన్ ఠీక్ హై నాన్నా. జ్యాదా బంద్ రఖోగే తో భూల్ జాయేగా," అంది. ఎక్కువ రోజులు ఆపి పెడితే మర్చిపోతుందట. "నీలాగానా? తెలుగు మర్చిపోయినట్టు?" అన్నాను. ఆమె నవ్వలేదు. బొట్టు పెట్టించుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఫోల్డరు దొరికింది. దాని పేరు తెలుగు లిపిలో ఉంది: షష్టి పూర్తి. రెండు మాటలుగా విడగొట్టి రాసింది. లోపల ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు.

అనూహ్య మూడో ఫైలు మీద నొక్కింది. తెర తెల్లబడింది. ఆకుపచ్చ గీత కొంచెం జరిగి ఆగిపోయింది. సెకనుకు మూడు మెగాబైట్లు, తర్వాత ఒకటి, తర్వాత సున్నా. చదవడం కుదరలేదని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. ఒకటో ఫైలూ అంతే. తొమ్మిదోదీ అంతే. ఆమె పన్నెండింటినీ ఒకటొకటిగా తన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించబోయింది. గంట పట్టింది. ఒక్కటీ రాలేదు.

"ఇగ ఒక్కటే ఉన్నది అంకుల్. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించుడు. కారిపోయిన అరల్ని ఎట్ల చదవాల్నో దానికి కొంచెం ఎక్కువ తెలుసు. సుధ ఆఖరి రిపోర్టు దాని మీదనే." ఆమె కవరు తెరిచింది. "అయితే ఒక రిస్కు ఉన్నది. ఎక్కినంక అది తనంతట తనే డిస్కంతా సదురుకుంటది. చదవగలిగింది కొత్తగ రాస్తది. చదవలేనిది ఖరాబ్ అని కొట్టేస్తది. మళ్ల ఎవ్వరం ఏం చెయ్యలేం."

"ఎక్కించకపోతే?"

"ఇప్పుడే చదువుతలేదు గద. బయట ల్యాబులోళ్లకు ఇచ్చినా నెలలు పడ్తది. అంతల ఇంకింత కారిపోతది. నేను చెప్పలేను అంకుల్. మీరే చెప్పాలె."

నేను రిపోర్టు చేతిలోకి తీసుకున్నాను. నా బిడ్డ కొలిచి రాసింది ఏమిటో చూసి నిర్ణయిద్దామనుకున్నాను. పద్నాలుగు పేజీలు. తెరవగానే ఎర్ర సిరా కనిపించింది. అది నా చేతిరాత.

పోవడానికి నెల ముందు సుధ ఆ కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. "నాన్నా, ఇంగ్లిష్ దేఖ్ లో నా. మేనేజర్ గ్రామర్ పే బహుత్ బోల్తా హై." నేను ఒక ఆదివారం కూర్చుని దిద్దాను. కామాలు పెట్టాను. వదిలేసిన 'ఎ'లూ 'ది'లూ చేర్చాను. మొదటి పేజీలో కృతజ్ఞతల కింద ఆమె నా పేరు రాసింది: భాష సరిచూసినది రాధాకృష్ణమూర్తి గారు, విశ్రాంత ఉపాధ్యాయులు. అప్పటికి నేను ఇంకా రిటైర్ కాలేదు. 'విశ్రాంత' అన్న ఇంగ్లీషు మాటను కొట్టేసి, పక్కన 'ఇంకా కాదు' అని రాశాను.

"పదకొండో పేజీ, అంకుల్."

పట్టిక ఉంది. కొత్త ఫర్మ్‌వేర్‌కు ముందు, పాత సమాచారం చదివే వేగం ముప్ఫై ఒకటి. తర్వాత నాలుగు వందల తొంభై రెండు. పట్టిక కింద చిన్న అక్షరాల్లో మూడు వాక్యాలు. కరెంటు లేకుండా చాలాకాలం ఉంచిన డ్రైవ్‌లకు ఈ ఫలితాలు వర్తించవు. అలాంటి వాటిలో ఉన్నది శాశ్వతంగా పోవచ్చు. కాబట్టి వాడకపోయినా కనీసం మూడు నెలలకొకసారి కరెంటు ఇవ్వాలి.

ఆ మూడో వాక్యంలో నెల అన్న మాటకు సుధ ఏకవచనం రాసింది. నేను ఒక ఎస్ చేర్చి, దాని చుట్టూ సున్నా చుట్టి, అంచున తెలుగులో 'బహువచనం!' అని రాశాను. ఆశ్చర్యార్థకం కూడా పెట్టాను.

ఇప్పుడు చదివాను. ఆ రోజు ఆ వాక్యాన్ని నేను దిద్దాను. ఏం చెప్తోందో మాత్రం చదవలేదు.

"ఏముందండీ అందులో?" అంది లీలావతి. "నేనే కదా పెట్టాను దివాన్లో. అల్మారాలో పెడదామని మీరన్నారు. నేనే వినలేదు. కలరా ఉండలు కూడా వేశాను."

కాగితం ఆమె చేతికిచ్చి, ఎర్ర సిరా ఉన్న చోట వేలు పెట్టాను. "నువ్వు కాదు," అన్నాను. "నాకు ముందే చెప్పింది. నేను మార్కులు వేసి ఇచ్చేశాను."

ఆమె ఇంగ్లీషు ఫైళ్లు చదివిన మనిషి. రెండుసార్లు చదివింది. కాగితాన్ని బోర్లా పెట్టి, "మూడు నెలలకోసారి," అంది.

"ఎక్కించమ్మా," అన్నాను అనూహ్యతో.

"ఇన్వర్టర్ ఉన్నదా? నడుమల కరెంటు పోతే మొత్తం డిస్కే పోతది."

ఇన్వర్టర్ ఉంది. అయినా లీలావతి వెళ్లి ఫ్రిజ్ ఆపింది, ఫ్యాన్లు ఆపింది, వంటింట్లో మిక్సీ వైరు కూడా పీకేసింది. ముగ్గురం చెమటలు కారుతూ కూర్చున్నాం. ఎక్కడానికి ఏడు నిమిషాలు. ఆ తర్వాత డిస్కు తనను తాను సర్దుకోవడానికి గంటన్నర. కింద గేటు దగ్గర కూరగాయల బండివాడు అరిచి వెళ్లాడు. పక్కింటి కౌర్ జీ తలుపు కొట్టి, "లైట్ గయీ క్యా మూర్తీ జీ? పంఖే బంద్ హైఁ ఆప్‌కే?" అని అడిగింది. లేదండీ, కంప్యూటరు పని, అన్నాను. "కంప్యూటర్ కే లియే ఖుద్ కో భూన్ రహే హో?" అని, దానికోసం మమ్మల్ని మేమే వేపుకుంటున్నామని నవ్వి వెళ్లిపోయింది.

అనూహ్య మళ్లీ పరీక్ష నడిపింది. అంకెలు ఆకుపచ్చగా వచ్చాయి. నాలుగు వందల తొంభై ఆరు.

"ఫస్ట్ క్లాస్! సుధ నంబరుకంటే నాలుగు ఎక్కువ," అంది, అలవాటుగా. తర్వాత నోరు మూసుకుంది. డిస్కు ఇప్పుడు ఆరోగ్యంగా ఉందని తెర మీద రాసి ఉంది.

ఫోల్డరు ఒక్క క్షణంలో తెరుచుకుంది. పన్నెండు పేర్లూ ఉన్నాయి. అనూహ్య మూడోది నొక్కింది. ఏమీ వినపడలేదు. ఇంకోసారి నొక్కింది. చెవి దగ్గర పెట్టుకుంది. ఆ ఫైలును ఇంకో విధంగా తెరిచి చూపించింది. లోపలంతా సున్నాలు, వరసగా, పేజీల కొద్దీ.

"లేదంకుల్," అంది. ఆమె ఏడుస్తోంది. "నేను ఆనాడు బయటికి పోకుంటే అయిపోతుండె. తలుపు కాడనన్న నిలబడితే అయిపోతుండె."

"బయటికి పంపిందంటే, నువ్వు వినకూడదనే కదమ్మా," అన్నాను.

పదకొండు ఫైళ్లు పోయాయి. అయిదోది పలికింది. రెండు నిమిషాలు ఉండవలసినది నలభై ఒక్క సెకన్లు ఉంది.

కుర్చీ చప్పుడు. గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత సుధ.

"అయిదో క్లాస్. పంఖా రోడ్ దగ్గర నాన్న స్కూటర్ పంక్చర్ అయింది. నాన్న స్కూటర్ తోసుకుంటూ నడిచింది. నేను నాన్న బ్యాగ్ పట్టుకున్నాను. అందులో అందరి పేపర్లు ఉన్నాయి. చాలా బరువు. ఎండ. నాన్న ఒక షాప్ దగ్గర నీల్లు అడిగింది. ముందు నాకు ఇచ్చింది. నీల్లు... అనూ, నీల్లా, నీళ్లా?"

"నీళ్ళు. నాలుక పైకి మడువు," అంది అనూహ్య గొంతు.

"నీల్... రహ్నే దే యార్. నాన్న ఠీక్ కర్ దేంగే."

వదిలేయ్, నాన్నే సరిచేస్తారు అంటోంది. నవ్వు మొదలైంది. పూర్తి కాలేదు.

లీలావతి మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టింది అనూహ్య. నాలుగోసారి తర్వాత లీలావతి లేచి వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ స్విచ్ వేసింది.

అనూహ్య ఆ ఒక్క ఫైలును నాలుగు చోట్ల భద్రం చేసింది. ఎక్కడెక్కడ ఉందో కాగితం మీద రాసిచ్చింది. ఇక ఈ ల్యాప్‌టాప్ ఆపేసినా ఫరవాలేదు, ఇందులో మిగిలిందేమీ లేదు అని చెప్పింది. వెళ్తూ గుమ్మం దగ్గర వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టబోతే ఆపాను. క్యాబ్ కాదు, మెట్రోలో వెళ్లమన్నాను. అలాగే అంది.

ఆమె వెళ్లాక బల్ల దగ్గర కూర్చుని, ఆ నలభై ఒక్క సెకన్లనూ ఒక తెల్ల కాగితం మీద రాశాను. నీలం పెన్నుతో, ఆగి ఆగి వింటూ రాశాను. లీలావతి వెనక నిలబడి చదివింది.

"నాన్న నడిచింది ఏమిటి? నీల్లు అని రాశారేం?" అంది.

"అలాగే అంది కదా."

"రేపు చూసినవాళ్లు మీరు తప్పు రాశారనుకుంటారు."

"అనుకోనీ," అన్నాను.

ల్యాప్‌టాప్ ఇప్పుడు భోజనాల బల్ల మీద ఉంటుంది, ఛార్జరు పెట్టి. శాలువా ఉతికి సుధ బట్టల్లో పెట్టేశాం. ఆపేసినా ఫరవాలేదని అనూహ్య చెప్పింది, నిజమే. మేము ఆపలేదు. తుడిచేటప్పుడు లీలావతి ఒక్కోసారి మూడో అంకె మీద నొక్కి చూస్తుంది. ఏమీ వినపడదు. ఆ ఫైలు నిడివి ఎంత ఉందో అంతసేపూ కూర్చుని వింటుంది.